రాతి మీద తడి పంచె

ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ మ్యూజియంలో ఓ పాలరాతి పలక ఉంది. క్రీస్తు పూర్వం 410 ప్రాంతంలో చెక్కింది. గ్రీకుల విజయదేవత నైకీ ఒంటికాలి మీద వంగి చెప్పు సవరించుకుంటోంది. కట్టుకుంటోందో, విప్పుతోందో పండితులకింకా తేలలేదు! తల విరిగిపోయింది. అయినా చూపు ఆగేది ఆమె బట్ట మీదే. తడిసి ఒంటికంటుకున్నట్టు, ఆ పలుచని మడతల కింద కాలి ఒంపు కనబడుతుంది. ఈ పలక ఒకప్పుడు నైకీ గుడి దగ్గర ఉండేది. 1686లో టర్కీ సైనికులు ఆ గుడిని విప్పేసి, రాళ్లతో ఫిరంగుల దిమ్మె కట్టుకున్నారు. 1835లో దాన్ని కూల్చాక గుడిని మళ్లీ నిలబెట్టారు.

ఆ బట్టను తలుచుకుంటే నాకు గుడిమల్లం గుర్తొస్తుంది. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం, స్వర్ణముఖి ఒడ్డు. పరశురామేశ్వరాలయంలో అయిదడుగుల లింగం. దాని మీదే చెక్కిన, నిలబడ్డ శివుడు. కుడిచేత తలకిందులుగా వేలాడే పొట్టేలు, ఎడమచేత చిన్న చెంబు, భుజాన గండ్రగొడ్డలి. జంధ్యం లేదు. కాళ్లకింద చెవులు మొనదేలిన యక్షుడు, మోయడం ఇష్టమే అన్నట్టు కూర్చున్నాడు. నడుముకు పంచె ఉంది, ఉన్నా ఒళ్లు దాగదు. నడుమ వేలాడే కుచ్చు చూస్తేనే అది బట్ట అని తెలుస్తుంది.

మన శిల్పులు ఇది గ్రీకుల దగ్గర నేర్చారా అని అడుగుతారు కొందరు. తడిపంచె ఒంటికెలా అంటుకుంటుందో ఏటి రేవులో రోజూ చూసేవాడికి ఏథెన్స్‌తో పనేముంది?

ఈ లింగం క్రీస్తు పూర్వం 2వ, 1వ శతాబ్దాలదని చాలామంది పండితుల అంచనా. 1916లో టి.ఎ. గోపీనాథరావు తన శిల్పశాస్త్ర గ్రంథంలో దీన్ని వివరంగా వర్ణించారు. 1973లో ఐ. కార్తికేయ శర్మ తవ్వకాలు మొదలుపెట్టారు. శాతవాహనుల కాలంనాటి ఆనవాళ్లు దొరికాయి. మొదట్లో లింగం ఆరుబయటే, చుట్టూ రాతి కంచె మధ్య ఉండేదట. గుడి తర్వాత వచ్చింది. పల్లవులు, బాణులు, చోళులు శాసనాలు వేయించారు. గర్భాలయం వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది.

నైకీ ఇప్పుడు మ్యూజియంలో ఉంది. మన శివుడికి అర్చన జరుగుతోంది. గర్భగుడి నేల మండపం కంటే పల్లంగా ఉంటుంది. వెళ్లినప్పుడు అయ్యవారు హారతి పళ్లెం దించే క్షణంలో శివుడి మోకాళ్ల పైభాగం చూడండి. వెలుగు ఏటవాలుగా పడితేనే పంచె అంచు కనిపిస్తుంది.