అడుగని సరకునకు వెల



కొన్న వస్తువుతో కోరని వస్తువును జోడించి, రెండింటి వెలయు రాబట్టుకొనుట అంగడిలో క్రొత్తగా పుట్టిన విద్య కాదు. యూరియా బస్తాకై ఎరువుల కొట్టునకు పోయిన రైతుతో "ఈ సీసా కూడ తీసికొన్నగాని బస్తా ఈయను" అని వర్తకుడు పలుకుట మీలో పెక్కుమందికి అనుభవమే. మన పల్లెలలో దీనికి "లింకు" అని పేరు. గ్యాసు కనెక్షను కావలసివచ్చినప్పుడు ఇంట పొయ్యి యుండగనే మరియొక పొయ్యి కొనిపించిన దినములను గూడ మనము చూచితిమి. ఆ సీసాయు ఆ పొయ్యియు కంటికి కనబడు వస్తువులు. వాని వెల ఇంత యని బిల్లులో నుండును. కంటికి కనబడక, బిల్లులో వేరుగా వెల కనబడక, కొన్నవానికి తాను కొన్నట్లు సైతము తెలియని లింకు ఒకటి కలదు. అది క్రొత్త కంప్యూటరుతో వచ్చు సాఫ్టువేరు. నేడు దానిని గూర్చి మనవి చేయదలచితిని.

ఇది పట్నపు పిల్లల గొడవ, మనకేల యని తలపవలదు. ఇంజనీరింగు చదువు పిల్ల యున్న ప్రతి యింటను నేడు ల్యాప్‌టాపు కొనవలసి వచ్చుచున్నది. దాని వెలకు ఒక పంట సొమ్ము పోయిన యిండ్లను నేనెరుగుదును. ఆ సొమ్ములో ఎంత భాగము దేనికి పోయెనో తెలిసికొనుట పెద్దలకు తగిన పనియే.

కంప్యూటరనగా రెండు వస్తువుల కూడిక. లోహము, గాజు, తీగలు మొదలగువానితో చేసినది శరీరము. ఆ శరీరముచేత పని చేయించు ఆజ్ఞల సంపుటము సాఫ్టువేరు. ఆ సంపుటములలో మొదటిది, తక్కిన వానికెల్ల ఆధారమైనది, ఆపరేటింగ్ సిస్టమ్. మన అంగళ్లలో దొరకు ల్యాప్‌టాపులలో పెక్కింట ఇది మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోస్. ఇది యుచితముగ వచ్చినదని అమ్మువాడు చెప్పును, కొన్నవాడు నమ్మును. ఉచితము కాదు. యంత్రము చేసిన కంపెనీ ఆ విండోసుకు రుసుము చెల్లించి, దానిని వెలలో కలిపి మనయొద్ద వసూలు చేయుచున్నది. ఆ రుసుము ఎంతయో మనకు చెప్పదు.

విండోసు కావలసినవారికి దీనివలన బాధ లేదు. కాని దాని అక్కర లేనివారును కలరు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నాతడు, ఎవరైనను స్వేచ్ఛగా వాడుకొని, నకలు తీసి, మార్చుకొని, పొరుగువానికి పంచుకొనదగిన సాఫ్టువేరును నిర్మింతునని ప్రకటించి గ్నూ అను పనికి పూనుకొనెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను దానిని వెలువరించెను. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన ఆపరేటింగ్ సిస్టమ్ నేడు లోకమంతట వాడుకలో నున్నది. హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థవారు దానిని తెలుగులో పనిచేయునట్లు సిద్ధపరచిరి. ఇట్టిదానిని వాడువారికి యంత్రముతో వచ్చిన విండోసు అజాగళస్తనము వంటిది. మేక మెడను వ్రేలాడు ఆ చన్నులు పాలీయవు. అయినను మేకకు వెల కట్టునపుడు ఆ చన్నులకు గూడ పొదుగు వెల కట్టుమన్నచో మనమూరకుందుమా?

ఈ లింకు ఎట్లు పుట్టెనో కొంచెము చెప్పవలెను. ఒకప్పుడు మైక్రోసాఫ్టువారు కంప్యూటరులు చేయు కంపెనీలతో ఒక చిత్రమైన ఒడంబడిక చేసికొనుచుండిరి. ఆ కంపెనీ అమ్మిన ప్రతి యంత్రమునకు, అందులో మైక్రోసాఫ్టువారి సాఫ్టువేరు ఉన్నను లేకున్నను, రుసుము చెల్లించవలెను. ఊరి చెరువు నీరు పారినను పారకున్నను ప్రతి చేనికి నీటి తీరువ కట్టుమనుట వంటిది ఇది. రెండు విధముల చెల్లింపు తప్పనప్పుడు వేరొకరి సాఫ్టువేరును పెట్టి మరల వారికి సొమ్మిచ్చు కంపెనీ యెద్ది? అమెరికా ప్రభుత్వమువారు దీనిపై వ్యాజ్యమునకు దిగగా, 1994 జూలైలో మైక్రోసాఫ్టువారు ఆ పద్ధతిని విడుచుటకు ఒప్పుకొనిరి. ఒడంబడిక పోయినది గాని అలవాటు పోలేదు.

ఇక సొమ్ము వాపసు మాట. విండోసు మొదటిసారి తెరచినప్పుడు ఒక పొడవైన లైసెన్సు పత్రము తెరపై కనబడును. చదువువారు అరుదు. ఆ దినములలోని పత్రమున ఒక వాక్యముండెను. ఈ నిబంధనలకు సమ్మతింపనివారు సాఫ్టువేరును వాడక, యంత్రము చేసిన కంపెనీని అడిగి, వాడని సరకును తిరిగి యిచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చునని దాని భావము. దీనిని ఆస్ట్రేలియాలో ఒక లినక్సు వాడుకరి శ్రద్ధగా చదివెను. తాను కొన్న తోషిబా యంత్రములోని విండోసు తనకు వలదని కంపెనీని విడువక అడిగి, తుదకు 110 ఆస్ట్రేలియా డాలర్లు పుచ్చుకొనెను. ఈ వార్త వ్యాపించినది. 1999 ఫిబ్రవరి 15వ తేదీన కాలిఫోర్నియాలోని ఫాస్టర్ సిటీలో లినక్సు వాడుకరులు కొందరు తమ విండోసు పెట్టెలను చేత బట్టుకొని మైక్రోసాఫ్టు కార్యాలయమునకు ఊరేగింపుగా పోయిరి. కార్యాలయమువారు వారికి స్వాగతము పలికి దాహమునకు పానీయములిచ్చిరి. సొమ్ము మాత్రమీయలేదు. యంత్రము చేసినవారి నడుగుడని చెప్పి పంపిరి. యంత్రము చేసినవారో, అది మైక్రోసాఫ్టువారి సరకు గదా యందురు. మునసబు నడిగిన కరణము ననియు, కరణము నడిగిన మునసబు ననియు త్రిప్పిన కాలము మనకును తెలియనిది కాదు.

అటుపిమ్మట లైసెన్సులోని ఆ వాక్యము మారినది. నేటి పత్రము ఇట్లు చెప్పుచున్నది: సమ్మతి లేనివారు వాడరాదు, తయారుచేసిన కంపెనీవారి వాపసు పద్ధతి యేమో విచారించుకొనవచ్చును, ఆ పద్ధతి ప్రకారము యంత్రమంతయు తిరిగి యీయవలసి రావచ్చును. నాకు మీమాంస చెప్పిన గురువుగారు ఏ వాక్యము చూపినను "ఇది విధియా, అనుమతియా?" యని ముందుగా నడుగుచుండెడివారు. మొదటి పత్రములో సొమ్ము పుచ్చుకొనుట మన అధికారము. రెండవ పత్రములో అది యెదుటివాని అనుగ్రహము. ఒక్క క్రియాపదము మారుటచేత ఆస్తి చేతులు మారినది.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమున మిక్కిలి సూక్ష్మముగ నాలోచించిరి. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో క్రయవిక్రయానుశయ మొకటి. అనుశయమనగా కొన్నతరువాత గాని అమ్మినతరువాత గాని కలుగు పశ్చాత్తాపము. అట్టివాడు పది దినములలోపల సరకును తిరిగి యీయవచ్చును, పుచ్చుకొనవచ్చును అని మనువు. నారదుడు, కొన్ననాడే చెడగొట్టక తిరిగి యిచ్చినచో పూర్తి వెలయు, రెండవనాడైన ముప్పదియవ వంతు తగ్గించియు, మూడవనాడైన దానికి రెట్టింపు తగ్గించియు ఈయవలెననెను. యాజ్ఞవల్క్యుడు సరకును బట్టి పరీక్షాకాలమును వేరుచేసెను. ఇనుమునకు ఒక దినము, పాడియావునకు మూడు, బరువు మోయు పశువునకు ఐదు, రత్నములకు ఏడు, విత్తనములకు పది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను తిక్కన సోమయాజి శిష్యుడగు కేతన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. కావున ఇది సంస్కృతము నేర్చినవారికే పరిమితమైన న్యాయము కాదు. ఎద్దును కొని ఐదు దినములు దున్ని చూచువానికి గల హక్కు నలువదివేల యంత్రము కొన్నవానికి లేకపోవుట నాకు వింతగా తోచుచున్నది.

ఐరోపా న్యాయస్థానములు ఈ ప్రశ్నకు ఒకే విధముగ సమాధానము చెప్పలేదు. ఇటలీలో ఒకాయన హెచ్‌.పి. కంపెనీవారి యంత్రము కొని, అందులోని సాఫ్టువేరు వెల వాపసు కోరెను. 2007లో ఫ్లోరెన్సు నగరములోని చిన్న న్యాయస్థానము ఆయనకు 140 యూరోలు ఇప్పించెను. కంపెనీవారు పై కోర్టులకెక్కిరి. 2014 సెప్టెంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, యంత్రము వేరు సాఫ్టువేరు వేరు, రెండింటిని కట్టియుంచునది వ్యాపారమే గాని సాంకేతికావశ్యకత కాదు, యంత్రమును తన యొద్దనే యుంచుకొని సాఫ్టువేరు వెల మాత్రము పుచ్చుకొను హక్కు కొన్నవానికి గలదని తీర్చెను. 140 యూరోలకై ఏడేండ్ల పైమాట!

అదే దేశమున మరియొకరు 2018లో లెనోవో యంత్రము కొని, విండోసు వెలగా 42 యూరోలు అడిగిరి. కంపెనీ తగవు పెంచినది. 2020 డిసెంబరులో మోంజా నగరపు న్యాయస్థానము ఆ కంపెనీ ప్రవర్తనను గర్హించి, వాపసునకు తోడుగా 20,000 యూరోలు పరిహారమీయ నాజ్ఞాపించెను. కొన్నవారు ఆ సొమ్ములో 15,000 యూరోలు స్వేచ్ఛా సాఫ్టువేరు సంఘమునకు దానమిచ్చిరి. ఇట్టివారిని చూచినపుడు తగవులమారి యను మాటకు మరియొక అర్థము కలదేమో యనిపించును.

ఇక రెండవ పక్షము. ఫ్రాన్సులో ఒకరు 2008లో సోనీ యంత్రము కొని ఇట్లే అడిగిరి. యంత్రమంతయు ఇచ్చివేసి పూర్తి వెల పుచ్చుకొమ్మని కంపెనీ చెప్పెను. వారు సమ్మతింపలేదు. ఆ వ్యాజ్యము ఐరోపా సమాఖ్య న్యాయస్థానము దాక పోయెను. 2016 సెప్టెంబరు 7వ తేదీన ఆ న్యాయస్థానము, కొనువానికి ముందుగా తెలియజేసినయెడల సాఫ్టువేరుతో గూర్చి యమ్ముట దానంతట నది అన్యాయము కాదనియు, సాఫ్టువేరు వెల వేరుగా చూపకుండుట మోసము కాదనియు చెప్పెను. వాదమున బలము లేకపోలేదు. పెక్కుమంది సిద్ధముగ పనిచేయు యంత్రమునే కోరుదురు. అయినను వెల చూపనక్కరలేదనుట నాకు రుచింపదు. ధర తెలియక బేరమెక్కడిది? తూకములో రాయి యెంత, బియ్యమెంత యని యడుగుట కొనువాని మొదటి హక్కు.

మన దేశమున 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చెను. ఒక సరకు కొనవలెనన్న మరియొక సరకు కొనితీరవలెనను షరతును ఆ చట్టము నిర్బంధ వ్యాపార పద్ధతులలో చేర్చినది. ఎరువుల కొట్టులోని లింకు దీనికి చక్కని యుదాహరణము. కంప్యూటరు విషయమున మాత్రము కంపెనీవారు "ఇవి రెండు సరకులు కావు, ఒకటే" యని వాదింతురు. అది పరీక్షకు నిలువవలసిన వాదము.

నాయొద్ద చదువుకొన్న రైతు ఒకాయన కుమార్తె నిరుడు ల్యాప్‌టాపు కొన్నది. ఆమె కళాశాలలో లినక్సుతోనే పని. వెల 46,000 రూపాయలు. అదే కంపెనీ అట్టి యంత్రమునే విండోసు లేకుండ 4,200 రూపాయలు తక్కువకు అమ్ముచుండెను గాని ఆ యూరి కొట్టులో అది దొరకలేదు. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. లైసెన్సు పత్రము తెరపైకి రాగానే సమ్మతి మీట నొక్కక, దానికి ఫొటో తీసి, నాకు చదివి యర్థము చెప్పినది. ఇద్దరము గూర్చుండి కంపెనీకి జాబు వ్రాసి రిజిస్టరు పోస్టులో పంపితిమి. యంత్రమంతయు ఈయుడు, లేదా యుంచుకొనుడు అని బదులు. చట్టములోని మాటలు చూపి రెండవ జాబు వ్రాసితిమి. దానికి బదులే లేదు. 1915 అను నంబరునకు ఫోను చేయగా ఫిర్యాదు వ్రాసికొనిరి. కంపెనీ కదలలేదు. జిల్లా వినియోగదారుల కమిషనులో ఆమె తండ్రి పేర ఫిర్యాదు దాఖలైనది. ఇప్పటికి రెండు వాయిదాలు గడచినవి. "నాలుగువేలకై ఇంత తిరుగుడా, మాష్టారూ?" అని ఆ రైతు నన్నడిగెను. నాలుగువేలు అతనికి పది దినముల కూలి ఖర్చు. వలదనుకొన్నచో మానుకొనుమంటిని. కూతురే మానలేదు.

ఇట్టి పనికి పూనువారు కొన్ని సంగతులెరుగవలెను. కొనుటకు ముందే, విండోసు లేని యంత్రము కలదా, వెలలో భేదమెంత యని కొట్టువాని నడుగవలెను. లినక్సుతోనో, ఊరక డాస్ తోనో వచ్చు ల్యాప్‌టాపులు మన దేశమున అమ్మకమునకు గలవు. అట్టిది దొరికిన యెడల ఈ తగవే లేదు. దొరకనిచో బిల్లు భద్రపరుపవలెను. సమ్మతి మీట నొక్కరాదు. నొక్కినచో ఒడంబడికకు ఒప్పుకొన్నట్లే కంపెనీవారు వాదింతురు. జాబులన్నిటికి నకళ్లుంచవలెను. కారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. కొన్న వస్తువుకై యిచ్చిన వెల ఐదు లక్షలకు మించనిచో రుసుము లేదు. కంపెనీ యే నగరములో నున్నను, ఫిర్యాది నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. వకీలు లేకుండ తానే చెప్పుకొనవచ్చును. మా ఫిర్యాదు మూడు పుటలే. దానిని ఆ పిల్లయే తెలుగులో వ్రాసినది. నేను దిద్దినవి రెండు అచ్చుతప్పులు మాత్రమే. తరువాతి వాయిదా వచ్చే నెలలో నున్నది.