జైరో సెన్సార్‌ని తిప్పి చూడాల్సిందే

క్రితం ఎపిసోడ్‌లో ఆక్సిలరోమీటర్ గురించి చెప్పుకున్నాం. దాన్ని పరీక్షించడం తేలిక. భూమి ఆకర్షణ ఎప్పుడూ మన చేతిలోనే ఉంది కాబట్టి, సెన్సార్‌ని ఆరు ముఖాలా బల్ల మీద పెట్టి, ప్రతి అక్షానికీ ప్లస్ 1 జి, మైనస్ 1 జి వస్తున్నాయా లేదా అని చూస్తే చాలు. జైరోకి ఆ వీలు లేదు. జైరో కొలిచేది తిరిగే వేగాన్ని. దాన్ని పరీక్షించాలంటే కచ్చితంగా తెలిసిన వేగంతో తిప్పాలి.

భూమి తిరుగుతోంది కదా, అది చాలదా అంటారేమో. భూమి గంటకి 15.04 డిగ్రీలు తిరుగుతుంది. హైదరాబాద్‌లో బల్ల మీద పడుకోబెట్టిన జైరో నిలువు అక్షానికి అందులో వచ్చేది గంటకి నాలుగున్నర డిగ్రీలే. ఖరీదైన జైరోలు దాన్ని పట్టుకుంటాయి, దాంతోనే ఉత్తర దిక్కు కూడా కనిపెడతాయి. మన డ్రోన్లో, ఫోన్లో ఉండే చిప్‌కి మాత్రం అది సంతలో గుసగుస లాంటిది.

ముందు రెండు తప్పుల తేడా తెలియాలి. పాతకాలం తక్కెడ గుర్తు తెచ్చుకోండి. ఖాళీ తక్కెడే ఒక పక్కకి వంగితే దాన్ని పాసంగం అంటాం. జైరోలో దాని పేరు బయాస్. కదలకుండా ఉన్నా సున్నా కాకుండా ఏదో ఒక అంకె చూపిస్తుంది. రెండోది, తక్కెడ సరిగ్గానే ఉన్నా కిలో రాయి 970 గ్రాములే తూగడం. ఇది స్కేల్ ఫ్యాక్టర్ తప్పు. పాసంగం ఖాళీ తక్కెడతో తెలుస్తుంది. రాయి దొంగతనం తెలియాలంటే నమ్మకమైన ఇంకో రాయి కావాలి. జైరోకి ఆ నమ్మకమైన రాయి ఏదంటే, తిరిగే బల్ల.

చాలామంది డ్రోన్‌ని నేల మీద పెట్టి, బటన్ నొక్కి, కాలిబ్రేషన్ అయిపోయింది అంటారు. అక్కడ అయింది పాసంగం ఒక్కటే! ఎంపీయూ 6050 అనే చిప్ మన పిల్లల ప్రాజెక్టుల్లో బాగా కనిపిస్తుంది. దాని డేటాషీట్‌లోనే స్కేల్ ఫ్యాక్టర్ ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం తేడా ఉండొచ్చని రాసి ఉంటుంది. 3 శాతం అంటే చిన్నదే అనిపిస్తుంది. కానీ ఒకే వైపుకి పది చుట్లు తిరిగితే 3600 డిగ్రీలు, అందులో 3 శాతం 108 డిగ్రీలు. తూర్పుకి వెళ్తున్నాననుకునే రోబో దక్షిణం కూడా దాటిపోయి ఉంటుంది.

ప్రయోగశాలల్లో దీనికోసం రేట్ టేబుల్ అనే యంత్రం ఉంటుంది. కింద మోటారు, వేగం కొలిచే ఎన్‌కోడర్, పైన పళ్లెం. వైర్లు మెలిపడకుండా మధ్యలో స్లిప్ రింగులు. కొన్నిటికి పైన పెట్టె కట్టి, చలిలోనూ వేడిలోనూ తిప్పుతూ చూస్తారు. బయాస్ ఉష్ణోగ్రతతో మారిపోతుంది మరి. ఏసీ గదిలో సరిచేసిన సెన్సార్ మే నెల పొలంలో మందు కొట్టే డ్రోన్లో అదే మాట మీద నిలబడదు.

మనలాంటి వాళ్లం అంత యంత్రం కొనలేం. నేను చెప్పేది పాత రికార్డ్ ప్లేయర్. నిమిషానికి 33⅓ చుట్లు అంటే లెక్క వేయండి, సెకనుకి సరిగ్గా 200 డిగ్రీలు! 45 చుట్ల వేగంలో పెడితే 270. ఇంతకన్నా చక్కని అంకెలు అడిగినా దొరకవు. (సీలింగ్ ఫ్యాన్‌కి కట్టకండి, దయచేసి.)

పాత ప్లేయర్ బెల్టు జారొచ్చు కదా అన్న అనుమానం న్యాయమైనదే. పళ్లెం అంచున సుద్దతో గీత పెట్టండి. గీత మీ ముందుకి వచ్చినప్పుడు సున్నా అనుకుని లెక్క మొదలుపెట్టండి. 100 చుట్లకి 3 నిమిషాలు పట్టాలి. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూఇటూ అయినా, 180 సెకన్లలో అది దాదాపు 0.1 శాతమే. మనం వెతుకుతున్న 3 శాతానికి అది చాలు.

ముల్లు ఉన్న చేతిని పక్కకి కట్టేసి, సెన్సార్‌నీ బ్యాటరీనీ పళ్లెం మీద అంటించండి. వైరు వద్దు, రీడింగులు కార్డులోకో బ్లూటూత్‌లోకో పంపండి. సరిగ్గా మధ్యలో పెట్టాలా అంటే, జైరోకి అక్కర్లేదు. పళ్లెం మీద ఎక్కడున్నా తిరిగే వేగం ఒకటే. ఆక్సిలరోమీటర్‌కి మాత్రం తేడా ఉంది. మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో, 33⅓ వేగంలో అది అదనంగా 1.22 మీటర్/సెకను² చూపించాలి. రెండు పరీక్షలూ ఒకే తిప్పుడుతో అయిపోతాయి. సెన్సార్ మాత్రం ఒరగకూడదు. 2 డిగ్రీలు ఒరిగితే పక్క అక్షంలోకి సెకనుకి 7 డిగ్రీలు కారిపోతాయి.

ఇప్పుడు లెక్క. కదలకుండా ఉంచినప్పుడు సగటు 1.8 వచ్చిందనుకుందాం. తిప్పినప్పుడు మైనస్ 202.2. తేడా మైనస్ 204. రావలసింది మైనస్ 200. అంటే మీ చిప్ 2 శాతం ఎక్కువ చెబుతోంది. ఇకమీదట ప్రతి రీడింగులోంచీ 1.8 తీసేసి, 1.02తో భాగించండి. ఇంకో జాగ్రత్త. చిప్‌ని 250 డిగ్రీల రేంజ్‌లో ఉంచి 45 వేగంలో తిప్పితే అంకె 250 దగ్గరే ఇరుక్కుంటుంది. ముందు 500 రేంజ్‌కి మార్చండి.

మైనస్ ఎందుకు వచ్చిందో గమనించారా? పైనుంచి చూస్తే రికార్డు గడియారం ముల్లులా తిరుగుతుంది. కుడిచేతి నియమం ప్రకారం అది మైనస్. చిప్ పైకి చూస్తుండగా మీకు ప్లస్ వచ్చిందంటే, వెంటనే ఆపి ప్రోగ్రామ్ చూడండి. అంకె తప్పయితే డ్రోన్ వంకరగా పోతుంది. గుర్తు తప్పయితే కుడికి ఒరిగినప్పుడు ఇంకా కుడికే తోస్తుంది.

2013 జూలై 2న బైకనూర్ నుంచి లేచిన రష్యా ప్రోటాన్-ఎం రాకెట్‌కి జరిగింది ఇదే. మూడు గ్లోనాస్ ఉపగ్రహాలతో బయల్దేరి, నిమిషం లోపలే పక్కకి తిరిగి నేల మీద పడి కాలిపోయింది. కోణీయ వేగం కొలిచే సెన్సార్లలో మూడింటిని తలకిందులుగా బిగించారని దర్యాప్తులో తేలింది. ఏది పైకి ఉండాలో చూపే బాణం గుర్తు వాటి మీద ఉంది. రాకెట్ నిలబడి ఉండగా చేసిన పరీక్షల్లో తప్పు బయటపడలేదు. నిలబడ్డ రాకెట్ తిరగదు కదా, తిరగనప్పుడు ప్లస్ ఏది, మైనస్ ఏది?

అందుకే చిప్ ఒక్కదాన్నే పరీక్షించి ఆగకండి. డ్రోన్లో బిగించాక, ప్రొపెల్లర్లు తీసేసి, మొత్తం డ్రోన్‌ని చేత్తో ఒక్కో అక్షం చుట్టూ తిప్పి, స్క్రీన్ మీద గుర్తు చూడండి. రెండు నిమిషాల పని.

వచ్చే ఎపిసోడ్‌లో మాగ్నెటోమీటర్ చూద్దాం.