మూడు నిమిషముల పాట

అమీరుపేటలో మెట్రో రైలు దిగి పంజాగుట్ట దిక్కుగా నడచునపుడు, అంత రొదలోను చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని పాట వినుచు సాగు యువజనులు అడుగడుగున కనబడుదురు. తామే వ్రాసి, తామే బాణీ కట్టి, తామే పాడి, మూడు నాలుగు పాటలను ఒక చిన్న రికార్డుగా వెలువరించువారును నేటి యువజనులలో కలరు. ఆ పాట ఎట్లున్నదని అడిగినచో, ఎందఱు విన్నారో చెప్పుదురు. ఎట్లున్నదో చెప్పువారు అరుదు. ఈ లోపము నేటిది కాదు. అందులకు నిదర్శనముగా మేమొక పాత రికార్డును తలచుకొనుచున్నాము.

1947వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మదరాసు ఆకాశవాణి కేంద్రము 'మాదీ స్వతంత్ర దేశం' అను గీతమును ప్రసారము చేసినది. వ్రాసినవారు, బాణీ కట్టినవారు బాలాంత్రపు రజనీకాంతరావుగారు. 1941లో ఆ కేంద్రమున ఉద్యోగమునకు చేరిన ఆయనకు అప్పటికి ఇరువదియేడేండ్లు. స్వయముగా గాయకులయ్యును, ఈ పాటను టంగుటూరి సూర్యకుమారిగారి గళమునకు అప్పగించిరి. ఆమెకు ఇరువదిరెండేండ్లయినను నిండలేదు. శంకరంబాడి సుందరాచారిగారు చలనచిత్రమునకై వ్రాయగా అందు చేరక మిగిలిన 'మా తెలుగు తల్లికి' పాటను సైతము రికార్డుగా పాడి ఇంటింటికి చేర్చినది ఈమెయే.

ఆనాటి గ్రామఫోను పళ్ళెమున ఒక్కొక్క ప్రక్క పట్టునది మూడు నిమిషములు, లేదా మఱికొంచెము. రాగాలాపనకు చోటు లేదు. నెరవునకు, స్వరకల్పనకు అసలే లేదు. మాట వినబడిన క్షణముననే అర్థము కావలెను, బాణీ రెండవమారు వినుసరికి నోటికి పట్టుబడవలెను. ఇది కచేరీకంటె సులభమైన పని యని తలంచువారు ఒక్క పల్లవిని కట్టి చూడవచ్చును.

ఈ అమీరుపేటలో ఆ పాట మఱియొక తీరున వినబడియుండును. నాడిది నిజాము ఏలుబడిలోని పేట. 1948 సెప్టెంబరు వఱకు హైదరాబాదు భారత యూనియనులో చేరలేదు. జాతీయపతాకము ఎత్తబోయినవారిని ఇచ్చట నిర్బంధించిన దినములవి. మదరాసులో ఉత్సవమైన 'మాది' అను మాట ఇచ్చట ఇంకను కోరికయే. ఒక్క పాటకు రెండు ఊళ్ళలో రెండు అర్థములు కలిగినపుడు ఛందస్సునో రాగమునో మాత్రము పరిశీలించి తీర్పు చెప్పుట చాలునా?

మా దృష్టికి వచ్చినంతలో అట్టి పరిశీలనయు అరుదే. సాహిత్యవిమర్శకులు పాటను అచ్చులో చూచి కొలతురు. సంగీతజ్ఞులు 'లలిత' మను పేరు వినగనే తూకపురాళ్ళు ప్రక్కకు పెట్టుదురు. రికార్డు ఇద్దఱి నడుమ జాఱిపోవును. రజనీకాంతరావుగారి 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. అది సముచితమైన గౌరవమే. కాని వాగ్గేయకారుల చరిత్ర వ్రాసిన పండితునికి దక్కిన శ్రద్ధ, తానే వాగ్గేయకారుడై పాట కట్టిన యువకునికి దక్కలేదని మా అభిప్రాయము.

ఆయన 2018 ఏప్రిల్‌లో, తొంబదియెనిమిదేండ్ల వయస్సున, విజయవాడలో పరమపదించిరి. ఆ సంవత్సరముననే అమీరుపేటనుండి పంజాగుట్ట మీదుగా మెట్రో నడువసాగినది. మొన్న మేము అమీరుపేటలో రైలెక్కి, సెల్‌ఫోనులో ఈ పాటను పెట్టుకొంటిమి. అది ముగియకమునుపే పంజాగుట్ట వచ్చినది. దిగక, ఇర్రమంజిల్ వఱకు పోయితిమి.