సైనికుల సేవాపత్రములు – లుప్తమైన పతకములు
(మెట్టుగూడలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యావ్యాప్తిని గుఱించి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను మొదట కోరిరి. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండిన వానికి అది కొత్త విషయము కాదు. కాని మన కులమునకు జెందిన మాజీ సైనికుల పట్టికను ఈ సంచికలో ప్రకటింపవలెనని కార్యవర్గమువారు నిశ్చయించి, దానిని సరిచూచు పని నా కప్పగించిరి. ఆనాటినుండి నా మనస్సు ఆ పట్టికయందే చిక్కుకొన్నది. అందు నాలుగు గడులు గలవు: పేరు, దళము, సేవాకాలము, పతకములు. నాలుగవ గడి యొద్ద నా కలము పలుమాఱు లాగిపోయినది.

మన మున్న చోటు దండునకు బుట్టిన చోటు. 1806వ సంవత్సరమున ఆంగ్లేయుల సైనికస్థావరమునకు నిజాము సికందర్‌జా పేర సికింద్రాబాదని పేరు పెట్టబడెను. మన పెద్దలు నేటికిని దీనిని లష్కరనియే పిలుతురు. మెట్టుగూడలో రైలు క్వార్టర్ల వరుసలు, లాలాగూడ వర్కుషాపు, ఆవల తిరుమలగిరి పటాలములు. ఈ మూటితో సంబంధము లేని యిల్లు మనవారిలో నరుదు. ఇంటింటను సైనికుడున్నాడు. కాని ఇంటింటను సరియైన కాగితము లేదు.

ఒక్కరి సంగతి చెప్పెదను. పేరును, దళము పేరును చెప్పుట కాయన యంగీకరింపలేదు. 1964లో సైన్యమున చేరి, 1980లో నాయక్ హోదాతో విరమించి, పింఛను పుచ్చుకొనుచున్న యెనుబదేండ్ల వృద్ధు. 1971 డిసెంబరు యుద్ధమున తూర్పు సరిహద్దు దాటి లారీ నడిపినవాడు. ఆయన డిశ్చార్జి పుస్తకమున మూడు పతకములు మాత్రమే వ్రాయబడి యున్నవి: 1965 నాటి రక్షా మెడల్, స్వాతంత్ర్యమునకు ఇరువదియైదవ సంవత్సరపు పతకము, తొమ్మిదేండ్ల దీర్ఘసేవా పతకము. 1971 యుద్ధమునకు సంబంధించిన పూర్వీ స్టార్ లేదు, సంగ్రామ్ మెడల్ లేదు. అదే కాన్వాయిలో ఆయన వెనుక లారీ నడిపిన మిత్రునకు రెండును గలవు. “ఇన్నాళ్లు అడుగలేదేమి?” యని నేను ప్రశ్నింపగా, “పంతులుగారూ, లారీ తోలినవాడికి పతకమెవరిస్తారండీ అనుకున్నాను” అనిరి.

ఈ మాట యందే మనవారి భ్రమ యంతయు నున్నది. పతకములు రెండు విధములు. శౌర్యపతకము ఒకానొక సాహసకృత్యమునకై యొక వ్యక్తికి ఇయ్యబడునది. సూర్యాపేట వాస్తవ్యులైన కల్నల్ బి. సంతోష్‌బాబుగారు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణము నొందగా, 2021లో మహావీరచక్రము ప్రకటింపబడెను. రాష్ట్రపతి చేతినుండి దానిని తల్లియు భార్యయు స్వీకరించిరి. అట్టి పురస్కారము గెజెట్టున కెక్కును, పత్రికల కెక్కును. కావున లుప్తమగుట యరుదు. సేవాపతకము అట్టిది కాదు. ఫలాన కాలమున ఫలాన ప్రదేశమున విధిలో నున్న ప్రతివానికి, వంటవాడైనను, గుమాస్తా యైనను, డ్రైవరైనను, అది హక్కుగా రావలసినది. ఉదాహరణమునకు, 1972 ఆగస్టు 15న సైన్యమున నున్న వారందఱును స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకమున కర్హులు. ఇందు దయాదాక్షిణ్యముల ప్రసక్తి లేదు. తేదీ యున్నదా, స్థలమున్నదా యనునదే ప్రశ్న.

మఱి తేదీయు స్థలమును ఉన్నవానికి పతక మేల రాలేదు? యుద్ధము ముగిసినపిమ్మట ప్రతి దళమువారును అర్హుల పట్టిక వ్రాసి పంపుదురు. ఆ పేళ్లు పార్ట్ టూ ఆర్డరు అనబడు దినవారీ ఉత్తరువులలో ప్రకటింపబడి, రికార్డ్ ఆఫీసునందలి షీట్ రోల్‌లోనికి ఎక్కవలెను. మన వృద్ధుడు ఆ సమయమున జ్వరముతో సైనిక వైద్యశాలలో నుండి, కోలుకొన్న పిదప వేఱొక దళమునకు బదిలీ యయ్యెను. పాత దళమువారు కొత్తవారు వ్రాయుదురనుకొనిరి. కొత్తవారు పాతవారు వ్రాసియుందు రనుకొనిరి. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. ఇద్దఱు వియ్యంకులు పెండ్లి భోజనమునకు ఒకరిపై నొకరు పెట్టుకొన్నట్లయినది.

వ్యాకరణము చదివినవాడను గనుక ఒకమాట చెప్పుటకు క్షమింపుడు. పాణిని మతమున లోపమనగా కనబడకపోవుటయే గాని లేకపోవుట కాదు. లోపించిన ప్రత్యయము కంటి కగపడకున్నను తన కార్యమును నిర్వహించుచునే యుండును. ఈ వృద్ధుని పతకములును అట్లే లోపించినవి. ఆయన 1971లో తూర్పున నుండినమాట యబద్ధము కాలేదు.

ఇంకొక చిక్కు పేళ్లయందున్నది. దీని గుఱించి కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. పట్టికలో సగము తంటా లిక్కడనే వచ్చినవి. మన యింటిపేరు ముందుండును. చేర్చుకొను గుమాస్తా ఉత్తరదేశీయుడైనచో, చివరి మాటయే కులనామ మనుకొని వ్రాసికొనును. వేంకటేశ్వర్లను నామమును ఇంగ్లీషున ఆఱు విధముల వ్రాసిన కాగితములను నేనే చూచితిని. ఒక యింట తండ్రి పేరే కొడుకు పేరుగా నమోదై యుండెను. డిశ్చార్జి పుస్తకమున నొక వర్ణక్రమము, పింఛను ఉత్తరువున నొకటి, ఆధారు కార్డున మఱియొకటి యున్నచో, పతకమునకై వ్రాసిన యర్జీ ఆ సందేహమునకు సమాధానము చెప్పలేక తిరిగి వచ్చును. కాబట్టి ముందు పేరు సరిచేసికొనవలెను. దళపు రికార్డ్ ఆఫీసువారు దానిని ప్రకటించిన పిదప, ప్రయాగరాజు (పూర్వపు అలహాబాదు) నందలి పింఛను లెక్కల కార్యాలయము వారు సవరణ ఉత్తరువు నిత్తురు. సైనికసంఖ్య మాత్రము మాఱదు. పేరు తప్పైనను సంఖ్య తప్పకున్న మనిషి దొరకును. ఆ సంఖ్యను ఇంటిలోని పిల్లలందఱచేతను వ్రాయించి యుంచుడు.

ఆలస్యమునకు కాలము లేదనుటకు కారణము గలదు. కాగితము లమరములు కావు. 1940లో లండనుపై బాంబులు పడినప్పుడు మొదటి మహాయుద్ధపు ఆంగ్ల సైనికుల పత్రములలో అధికభాగము దగ్ధమయ్యెను. 1973 జూలై 12న అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జరిగిన అగ్నిప్రమాదములో కోటియఱువది లక్షలకు మించిన సైనికపత్రములు నశించెను. మన దేశమున అగ్ని యక్కఱలేదు, నియమమే చాలును. పింఛను లేక వెడలినవారి సేవాపత్రములను 25 ఏండ్లు గడచిన పిమ్మట నాశము చేయుట వాడుక. పింఛనులేని మాజీ సైనికులు మన పట్టికలో ననేకులు గలరు. వారి యింటనున్న డిశ్చార్జి పుస్తకమే ఒక్కొక్కప్పుడు లోకమున మిగిలిన యేకైక సాక్ష్యము.

వెనుకటి తరమువారి విషయ మింకను కష్టము. మొదటి మహాయుద్ధపు వెండిపతకముల యంచుపై సంఖ్య, హోదా, పేరు, దళము చెక్కబడి యుండెడివి. అందులో నెన్నియో వెండి ధరకు కరగిపోయినవి. తాతగారు హైదరాబాదు రెజిమెంటులో నుండిరని చెప్పి, కాగితముల కొఱకు ఈ నగరముననే వెదకువారు కొందఱు గలరు. భారతసైన్యమందలి పందొమ్మిదవ హైదరాబాదు రెజిమెంటు 1945లో కుమావూ రెజిమెంటుగా మాఱినది. దాని కేంద్రము హిమాలయ ప్రాంతమున రాణీఖేతు. నిజాముగారి సొంత సైన్యము వేఱు. 1918లో హైఫా యుద్ధమున మైసూరు, జోధపూరు లాన్సర్లతో నొక బ్రిగేడున నుండిన హైదరాబాదు లాన్సర్లు ఆ రెండవ కోవకు జెందినవారు. పేరొకటే యగుటచే రెంటిని గలుపరాదు.

ఇప్పుడు చేయవలసినది. అర్జీని ఎవరి దళపు రికార్డ్ ఆఫీసునకు వారే పంపవలెను. మద్రాసు రెజిమెంటువారిది నీలగిరులలోని వెల్లింగ్టను; మద్రాసు సాపర్లది బెంగుళూరు; సిగ్నల్సువారిది జబల్పూరు; ఫిరంగిదళమువారిది నాసిక్ రోడ్డు; ఇ.ఎం.ఇ., ఆర్డినెన్సు దళములవి మన సికింద్రాబాదే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా పంపినచో మేలు. అర్జీలో ఒక విషయము స్పష్టముగా నుండవలెను: పతకము నమోదై యుండియు చేతికి రాలేదా, చేతికివచ్చి పోయినదా, లేక నమోదే కాలేదా. ఈ మూటికి మూడు దారులు. పోయినదానికి మాఱుపతకము వెల చెల్లించి పొందవలెను. నమోదు కానిదానికి సాక్ష్యము చూపవలెను. మన వృద్ధుడు మొదట “నా పతకములు పంపుడు” అని యొక్క వాక్యము వ్రాసెను. మీ పత్రములలో నట్టివి లేవని యొక్క వాక్యమే జవాబు వచ్చెను. పిమ్మట 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయలు చెల్లించి తన షీట్ రోల్ నకలును కోరెను. ఆ చట్టమున జవాబునకు ముప్పది దినముల గడువు. వచ్చిన నకలులో 1971 డిసెంబరు నాటి యుద్ధక్షేత్ర సేవయు, వైద్యశాలలో చేరిన తేదీయు స్పష్టముగా నున్నవి! వారి కాగితమే వారికి సాక్ష్యమైనది. తేదీలను వరుసగా వ్రాసి, మిత్రుని వాఙ్మూలమును జతపఱచి, రెండవ యర్జీని నేనే వ్రాసి యిచ్చితిని. పరిశీలనలో నున్నదని జాబు వచ్చినది.

దీనివలన పింఛను పెరుగునా యని ఒక పోషకులు నన్నడిగిరి. పెరుగదు. సేవాపతకమునకు ధనము లేదు. కాని ఆయన మనుమడు పాఠశాలలో మా తాత బంగ్లాదేశ్ యుద్ధమునకు వెళ్లెనని చెప్పగా తోటిపిల్లలు పతకమేదని నవ్విరట. ఆ పిల్లవాడు ఇంటికి వచ్చి తాతను అదే ప్రశ్న అడిగెనట. ఎనుబదేండ్ల వానికి ఆ ప్రశ్నకు జవాబు కావలెను గాని ధన మక్కఱలేదు.

వేఱొక పక్షమును చెప్పవలెను. మనవా డనెడి యభిమానముచే, కాగితము లేకున్నను పతకములు వ్రాసి ముద్రింపుడని కొందఱు సూచించిరి. నే నంగీకరింపలేదు. ఒక్క యసత్యము దొరలినచో, పట్టికలోని సత్యములన్నియు సందేహమున పడును. బజారున కొన్న పతకమును ధరించి ఊరేగిన పెద్దమనుష్యులు లేకపోలేదు. నిరాధారమైనది వ్రాయరాదు; ఆధారమున్నదానిని విడువరాదు. అందుచేత ఈ సంచికలో ఆ వృద్ధుని పేరున కెదుట మూడు పతకములు వ్రాసి, “1971 యుద్ధపతకములు సవరణలో నున్నవి” అని ముద్రించుచున్నాము. అట్టి గుర్తు గల పేళ్లు మఱికొన్ని యున్నవి.

తపాలా ఖర్చును, నకళ్ల ఖర్చును సంఘ మే భరించునట్లు తీర్మానింపవలెనని కార్యవర్గమును, అందుకు కొంత ద్రవ్య మొసగవలెనని పోషకమహాశయులను ప్రార్థించుచున్నాను. ప్రతి ఆదివారము ఉదయము నేనును, టైపు తెలిసిన యిద్దఱు యువకులును సంఘము గదిలో కూర్చుందుము. డిశ్చార్జి పుస్తకమును, పింఛను ఉత్తరువును తీసికొని రండు. నడువలేని వారి యింటికి మేమే వత్తుము. నకళ్లనే మాకిండు, అసలు పుస్తకమును మాకు గాని మఱెవ్వరికి గాని విడిచిపెట్టి వెళ్లకుడు.