స్లేట్ అంటే పలక ఒక్కటేనా? మార్కాపురం కుర్రాడు చెప్పే ఒక ఇంగ్లిష్ పదం

ఈ రోజు మన పదం స్లేట్. "అందులో ఏముంది బ్రో, పలక" అంటారా? నేనూ అలాగే అనుకున్నా. పలకల ఊరు మార్కాపురంలో పుట్టి, సరిగ్గా ఆ పదం దగ్గరే పరువు పోగొట్టుకున్నా.

బీటెక్ అయ్యాక మొదటి ఉద్యోగం. లండన్ క్లయింట్ నుంచి మెయిల్ వచ్చింది: "ద న్యూ వెర్షన్ వాజ్ స్లేటెడ్ బై అవర్ యూజర్స్." స్లేటెడ్ అంటే షెడ్యూల్ చేయడం అని ఎక్కడో చదివా. వెంటనే "గ్రేట్ న్యూస్, థాంక్యూ" అని రిప్లై కొట్టేశా. అరగంటలో మేనేజర్ నుంచి పిలుపు! బ్రిటిష్ ఇంగ్లిష్‌లో దేన్నైనా స్లేట్ చేశారంటే ఉతికి ఆరేశారని అర్థం. వాళ్లు తిడితే నేను థాంక్స్ చెప్పానన్నమాట. సో, మీకు ఆ గతి పట్టకుండా మొదటి నుంచి చూద్దాం.

ఒకటి, రాయి. బురద పొరలు భూమి లోపల ఒత్తిడికీ వేడికీ గట్టిపడితే స్లేట్ అవుతుంది. ఉలి పెట్టి కొడితే పల్చటి రేకుల్లా విడిపోతుంది. పాత ఫ్రెంచ్‌లో చీలిన ముక్క అనే అర్థం ఉన్న మాట నుంచే స్లేట్ వచ్చింది. మన మార్కాపురం చుట్టుపక్కల గనుల్లో తీసేది ఈ రాయే. కడప రాయి వేరు, అది సున్నపురాయి.

రెండు, మనం బలపంతో దిద్దిన పలక. రాస్తాం, ఉమ్మేసి తుడుస్తాం, మళ్లీ రాస్తాం. ఈ తుడవడం గుర్తుపెట్టుకోండి, మిగతా వాడుకలు చాలావరకు దీన్నుంచే వచ్చాయి.

మూడు, స్లేటెడ్ ఫర్. ఫలానా రోజుకి అనుకున్నారు అని. "ద మీటింగ్ ఈజ్ స్లేటెడ్ ఫర్ మండే." వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి "ఇదిగో ఫలానా ఏడాదికి నీళ్లు" అని మార్కాపురం, గిద్దలూరు వాళ్లం ఎన్నిసార్లు విన్నామో! ఆ వార్త ఇంగ్లిష్‌లో రాస్తే స్లేటెడ్ ఫర్ కంప్లీషన్ అనే రాస్తారు. అంటే అనుకున్నారు, అంతే. అయిపోతుందన్న గ్యారంటీ ఆ మాటలో లేదు. ఆఫర్ లెటర్‌లో మీ జాయినింగ్ డేట్ పక్కన ఈ పదం కనిపిస్తే, ఉన్న ఉద్యోగం మానేసే ముందు ఒకసారి ఫోన్ చేసి అడగండి.

నాలుగు, బ్లాంక్ స్లేట్. ఇంకా ఏమీ రాయని పలక. ఇంటర్వ్యూలో "ఐ యామ్ ఎ బ్లాంక్ స్లేట్" అన్నారనుకోండి, నాకేమీ రాదు అని మీరే ఒప్పుకున్నట్టు. జాగ్రత్త.

ఐదు, క్లీన్ స్లేట్. ఇంగ్లండ్‌లో సారా కొట్టు వాళ్లు అరువు లెక్కలు పలక మీద రాసేవాళ్లు. బాకీ కడితే తుడిచేసేవాళ్లు. అందుకే పాతవి వదిలేసి కొత్తగా మొదలుపెట్టడాన్ని "స్టార్ట్ విత్ ఎ క్లీన్ స్లేట్" అంటారు. బ్యాక్‌లాగ్స్ అన్నీ క్లియర్ చేశారా? యూ హావ్ ఎ క్లీన్ స్లేట్.

ఇది నాకు బాగా తెలిసిన మాట. మా నాన్న పలకలు కోసే పనికి వెళ్లేవారు. వీధి చివర కిరాణా కొట్లో మా ఖాతా ఎప్పుడూ నిండుగానే ఉండేది. నా మొదటి జీతంతో ఆ బాకీ కట్టేశాం. కొట్టు మామ మా ముందే ఆ పేజీ అడ్డంగా కొట్టేశాడు. ఆ రోజు నాన్న ముఖం నేను మర్చిపోలేను.

కానీ నాన్న దగ్గు మాత్రం పోలేదు. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. ఊపిరితిత్తులకి క్లీన్ స్లేట్ ఉండదు ఫ్రెండ్స్. మీ ఇంట్లో ఎవరైనా రాయి కోత పనిలో ఉంటే, నీళ్లు పోస్తూ కోయమనండి. దుమ్ము ఆపే మంచి మాస్క్ కొనివ్వండి, ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే సరిపోదు. దగ్గు, ఆయాసం ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. రేపు, ఎల్లుండి అని స్లేట్ చేయకండి, ఈ వారమే తీసుకెళ్లండి.

స్లేట్‌తో మీరొక వాక్యం రాసి పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!