కాంచనబురి రైలుమార్గంలో మనవాళ్ళ జాడ

(సంఘం వార్షిక సమావేశంలో మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధ చరిత్రకు సంబంధించిన మ్యూజియాలు, చారిత్రక స్థలాలు చూడటం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. విశాఖ బీచి రోడ్డులో ఉన్న కుర్సురా జలాంతర్గామిని మనలో చాలామంది మనవలను వెంటబెట్టుకుని చూసివచ్చినవారే. 1971 యుద్ధం మన కళ్ళముందు జరిగినదే. దాని గురించి మీకు నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. అందుచేత నిరుడు నేను మా అబ్బాయి కుటుంబంతో వెళ్ళి చూసిన ఒక చోటు గురించి చెబుతాను. అది థాయ్‌లాండ్‌లోని కాంచనబురి. పేరు వినగానే మీకు తెలిసిపోయి ఉంటుంది, అది మన కాంచనపురే. రైల్వేలో పనిచేసిన మనబోటివాళ్ళు తప్పక చూడవలసిన చోటని నా అభిప్రాయం.

1942 ఫిబ్రవరిలో జపాన్ సైన్యం సింగపూరును, మార్చిలో రంగూన్‌ను పట్టుకుంది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ కథలు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. బర్మాలో ఉన్న జపాన్ సైన్యానికి తిండి, మందుగుండు ఓడల మీద పంపాలంటే మలక్కా జలసంధి చుట్టి రావాలి. ఆ దారిలో శత్రు జలాంతర్గాముల భయం. అందుకని థాయ్‌లాండ్‌లోని బాన్‌పోంగ్ నుంచి బర్మాలోని తాన్‌బ్యూజయత్ దాకా 415 కిలోమీటర్ల మీటర్ గేజ్ లైను వేయాలని నిర్ణయించారు. కొండలు, అడవి, మలేరియా. 1942 మధ్యలో రెండు వైపుల నుంచీ పని మొదలుపెట్టి, 1943 అక్టోబరు 17న పట్టాలు కలిపేశారు. ఏడాదిన్నర కూడా పట్టలేదు.

పర్మనెంట్ వే విభాగంలో పనిచేసినవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. యంత్రాలు, గుత్తేదార్లు, మంజూరైన నిధులు అన్నీ ఉండగా మనం పాతిక కిలోమీటర్ల డబ్లింగు పని పూర్తి చేయడానికి ఎన్నేళ్ళు తీసుకున్నామో మీకు తెలుసు. అక్కడ చాలా చోట్ల పలుగు, పార, గంప, సమ్మెట, ఏనుగులు, వెదురు, అంతే. మిగిలిందంతా మనుషుల ఒళ్ళే.

వేసిన స్లీపరుకొక ప్రాణం పోయిందని ఈ లైను గురించి ఒక మాట ప్రచారంలో ఉంది. వినడానికి బాగానే ఉంటుంది గాని మన లెక్కకు నిలవదు. కిలోమీటరుకు 1,300 స్లీపర్లే వేసుకున్నా 5 లక్షలు దాటతాయి. చనిపోయినవారు లక్ష ప్రాంతం. అంటే అయిదు స్లీపర్లకొక మనిషి. ఇది మాత్రం చిన్న లెక్కా? పెంచి చెప్పవలసిన పనేముంది?

బాంకాక్‌లో తోన్‌బురి స్టేషనులో పాసింజరు ఎక్కితే మూడు గంటల లోపు కాంచనబురి చేరుతుంది. అందరూ మొదట వంతెన దగ్గరకే పరుగెడతారు. క్వాయ్ నది మీద వంతెన అని 1957లో వచ్చిన ఇంగ్లీషు సినిమా మనలో చాలామంది చూశారు. ఆ సినిమా తీసింది సిలోనులో. పైగా ఈ వంతెన ఉన్న నదిని అప్పట్లో మేక్లాంగ్ అనేవారు. సినిమా చూసి వచ్చే జనం క్వాయ్ నది ఏదని అడుగుతూంటే, 1960లో ఆ భాగానికి క్వాయ్ యాయ్ అని పేరు మార్చారు. సినిమా కోసం నది పేరే మారిపోయిన ఊరది! వంతెన మాత్రం నిజమైనదే. జావా నుంచి తెచ్చి బిగించిన వంపు గిర్డర్లు ఇంకా ఉన్నాయి. మధ్యలో రెండు స్పాన్లు వేరుగా కనబడతాయి. బాంబు దాడుల్లో పడిపోయిన వాటి స్థానంలో యుద్ధం తరువాత పెట్టినవి. జనమంతా పట్టాల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటూ ఉంటారు. రైలు నెమ్మదిగా కూత వేసుకుంటూ వచ్చినప్పుడు పక్కకు తప్పుకుంటారు. పాత ఉద్యోగి గుండె కదా, నాకు మాత్రం చూస్తుంటేనే కంగారు పుట్టింది.

వంతెన దగ్గర అరగంట చాలు. అక్కడ నుంచి ఊళ్ళో ఉన్న యుద్ధ సమాధుల తోటకు వెళ్ళండి. ఈ లైను మీద 60,000 పైచిలుకు యుద్ధ ఖైదీలు పనిచేశారు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ సైనికులు, కొద్దిమంది అమెరికన్లు. వారిలో 12,000 మందికి పైగా చనిపోయారు. సుమారు 7,000 మంది ఈ ఒక్క తోటలోనే ఉన్నారు. పచ్చిక కత్తిరించి, ప్రతి సమాధి పక్కన పూలమొక్క పెట్టి, ఇంట్లో తులసికోట చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. ప్రతి ఫలకం మీద పేరు, నంబరు, హోదా, చనిపోయిన తేదీ, చాలావాటి మీద వయసు, తల్లో భార్యో రాయించిన ఒక వాక్యం. 22, 24, 27. మా కోడలు వయసులు చదువుతూ రెండో వరస దగ్గరే ఆగిపోయింది.

ప్రవేశ ద్వారం దగ్గరి కట్టడంలో 11 పేర్లు వేరుగా చెక్కి ఉన్నాయి. అవిభక్త భారత సైన్యానికి చెందినవారు. థాయ్‌లాండ్‌లోని ముస్లిం శ్మశానాల్లో ఖననమై, ఆ సమాధులను కాపాడటం వీలుకాక పేర్లు ఇక్కడ పెట్టారు. సమాధి పోయినా పేరు పోనివ్వలేదు. ఆ మర్యాదకు నమస్కరించాలి.

సమాధుల పక్కనే 2003లో ప్రారంభించిన రైల్వే మ్యూజియం ఉంది. లైను నమూనా, శిబిరాల పటాలు, వైద్యుల పనిముట్లు అన్నీ శ్రద్ధగా అమర్చారు. ఖైదీల వివరాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఏ దేశం నుంచో వచ్చిన మనవరాలు తాతగారి పేరు చెబితే, ఆయన ఏ శిబిరంలో ఉన్నాడో, ఏ జబ్బుతో పోయాడో, ఏ వరసలో ఉన్నాడో చెప్పి పంపగలరు. ఆ పని చేసే వారి ఓపికను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అయితే ఈ లైను వేసినవారిలో ఎక్కువమంది సైనికులు కారు. వారు కూలీలు. మలయా, బర్మా, జావా నుంచి తెచ్చినవారు 2 లక్షలకు పైమాటే అంటారు. వారిలో 90,000 మంది దాకా చనిపోయారని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. అంటే సైనికులకు ఏడు రెట్లు. ఒక్క మలయా నుంచే 75,000 మంది దాకా వెళ్ళారు. వీరిలో అధికభాగం రబ్బరు తోటల్లో పనిచేసే తమిళులు. వారితో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి కంగాణీల వెంట పెరాక్ లాంటి చోట్లకు రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్ళిన కుటుంబాలు అప్పటికే తరం దాటి అక్కడ ఉన్నాయి. యుద్ధంతో రబ్బరు ఎగుమతి ఆగిపోయింది. తోటల్లో పని లేదు, బియ్యం లేదు. రోజుకొక డాలరు కూలి, కొద్దినెలల్లో తిరిగి రావచ్చు అని చెప్పి మొదట కొందరిని ఒప్పించారు. వెళ్ళినవారు తిరిగిరాకపోయేసరికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు పట్టుకుపోయారు.

ఒకే లైను, ఒకే అడవి, ఒకే కలరా. మరి కూలీలే ఎందుకు ఇంత ఎక్కువగా పోయారు? ఖైదీలకు తమ వైద్యులు తమతో ఉన్నారు. ఆస్ట్రేలియా సర్జన్ డన్‌లప్ వంటివారు వెదురుతోనే వైద్య పరికరాలు చేసుకుని ప్రాణాలు నిలిపారు. నీళ్ళు కాచి తాగాలని, మరుగుదొడ్లు దూరంగా తవ్వాలని ఆజ్ఞ ఇచ్చే అధికారి ఉన్నాడు, వినే క్రమశిక్షణ ఉంది. కాంచనబురి వ్యాపారి బూన్‌పాంగ్ ప్రాణానికి తెగించి దొంగచాటుగా మందులు చేరవేశాడు. కూలీల గుడిసెల్లో డాక్టరు లేడు, అధికారి లేడు, కొన్ని చోట్ల భార్యాబిడ్డలు కూడా ఉన్నారు. 1943 వర్షాకాలంలో కలరా వచ్చినప్పుడు శిబిరాలకు శిబిరాలే ఖాళీ అయ్యాయి. ఎవరు పోయారో రాసుకునే గుమాస్తా కూడా లేడు. మస్టరు రోలు లేని పని చేయడమంటే ఏమిటో మన శాఖవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

నది ఒడ్డున ఒక బౌద్ధాలయంలో 1977లో పెట్టిన మరో మ్యూజియం ఉంది. ఖైదీల వెదురు పాక నమూనాలో పాత ఫొటోలు, బొమ్మలు పెట్టారు. దాని పేరు జీత్. జపాన్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, అమెరికా, థాయ్‌లాండ్, హాలండ్ దేశాల తొలి ఇంగ్లీషు అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు. ఆ అక్షరాల్లో మలయా లేదు, బర్మా లేదు, జావా లేదు, భారతదేశం లేదు. పెట్టినవారిది దురుద్దేశమని నేను అనను. పేరు పెట్టేనాటికి గుర్తు చేసేవారు ఎవరూ పక్కన లేరు, అంతే. కూలీల కోసం సమాధుల తోటకు దగ్గర్లో వాట్ తావోర్న్ అనే ఆలయ ఆవరణలో ఒక స్మారకం ఉంది. మమ్మల్ని తిప్పిన డ్రైవరు అక్కడికి తీసుకెళ్ళలేదు. మేమే అడిగి వెళ్ళాం. మీరు వెళితే మీరూ అడగండి.

మా నాయనమ్మగారి తమ్ముడొకాయన మలయా తోటలకు వెళ్ళాడు. 1941 దాకా మనియార్డరు వచ్చేదట. ఆ తరువాత ఉత్తరం లేదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసేటప్పుడు నాయనమ్మ పిల్లలందరి పేర్లతో పాటు ఆయన పేరూ చెప్పేది. బతికున్నాడో లేదో తెలియదు, తిథి తెలియదు, అందుచేత తద్దినమూ పెట్టలేదు. ఆయన ఈ లైను పనికే వెళ్ళాడని నేను అనడం లేదు. మ్యూజియం బల్ల దగ్గర నిలబడి ఆయన పేరు చెప్పి అడుగుదామనుకున్నాను. అడగడానికి కూలీల జాబితా అంటూ ఒకటి ఉంటే కదా! మా మనవడు ఏడో తరగతి. "తాతగారూ, మనవాళ్ళ పేర్లు ఎవరు రాశారు?" అన్నాడు. వాడికి నేను చెప్పిన జవాబు, ఎవరూ రాయలేదురా అని.

ఇక ప్రయాణం సంగతులు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి, తరువాత ఎండ మనవైపు లాగే ఉంటుంది. కాంచనబురి నుంచి నామ్‌తోక్ దాకా ఇప్పటికీ రైలు నడుస్తోంది. ఎడమవైపు కిటికీ పట్టుకోండి. వాంపో దగ్గర కొండ అంచున నది మీదికి వేలాడుతున్నట్టు కర్ర వయాడక్టు వస్తుంది, బండి నడక వేగంతో పోతుంది. నామ్‌తోక్ అవతల పట్టాలు లేవు. అక్కడ నుంచి కారులో హెల్‌ఫైర్ పాస్‌కు వెళ్ళాలి. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో తెరిచిన మ్యూజియం ఉంది. దిగువన 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల లోతున రాతిలో తొలిచిన కటింగు. ఒకడు ఉలి పట్టుకుంటే ఒకడు సమ్మెటతో కొట్టిన రంధ్రాల గాడులు గోడమీద ఇప్పటికీ వేలితో తడమవచ్చు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులవారు పైనున్న మ్యూజియంతో సరిపెట్టుకోండి. అన్నం సమస్య లేదు, శాకాహారులు మాత్రం ముందే చెప్పుకోవాలి. చేపల పులుసు పడని కూర అక్కడ దొరకడం కష్టం.

చివరిగా ఒక విన్నపం. మీ ఇళ్ళలో మలయాకో, బర్మాకో వెళ్ళి తిరిగిరానివారు ఉంటే, వారి పేరు, తండ్రి పేరు, ఊరు, వెళ్ళిన సంవత్సరం, తెలిస్తే తోట పేరు ఒక కాగితం మీద రాయండి. పాత మనియార్డరు రసీదు, ఉత్తరం ఉంటే నకలు చాలు. తెలియనిది ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపవద్దు. మీకంటే పెద్దవారు ఇంట్లో ఉంటే ఈ వారంలోనే అడగండి. సంఘం ఆఫీసులో దీనికొక రిజిస్టరు తెరిచాం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చేటప్పుడు ఆ కాగితం కూడా వెంట తెండి. ఇప్పటికి నాలుగు పేర్లు ఎక్కాయి. మొదటిది మా నాయనమ్మగారి తమ్ముడిది.