సారు బొటనవేలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మధురానగర్ వీధుల్లో నడిచి బడికి వచ్చిన రోజుల్లో, మా పీఈటీ సారు పరుగుపందేనికి స్టాప్‌వాచ్ పట్టుకునేవారు. "ఇందులో నీ పరుగొక్కటే లేదురా, నా బొటనవేలి ఆలస్యం కూడా ఉంది" అనేవారు. అప్పుడు నవ్వుకున్నాం. నలభై ఏళ్ల తర్వాత ఆ మాటే నా తప్పు నాకు చూపించింది.

మనిషి ఎంత త్వరగా స్పందిస్తాడో కొలవడానికి ఒకప్పుడు ప్రయోగశాల కావాలి. ఇప్పుడు బ్రౌజర్ చాలు. జోష్ డి లీవ్ రూపొందించిన జేఎస్‌సైక్, జొనాథన్ పియర్స్ 2002లో మొదలుపెట్టిన సైకోపై ఉచితంగా దొరుకుతాయి. మన పక్కనే అమీర్‌పేటలో పిల్లలు నేర్చుకునే జావాస్క్రిప్టే జేఎస్‌సైక్‌కు ఆధారం. ఏది, ఎంతసేపు, ఏ వరుసలో చూపాలో మనం రాసిస్తే, మీట నొక్కడానికి పట్టిన సమయాన్ని మిల్లీసెకన్లలో నమోదు చేస్తాయి.

నేను 1935 నాటి స్ట్రూప్ పరీక్ష తయారుచేశాను. 'ఎరుపు' అన్న మాట ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. మాటను వదిలేసి రంగును గుర్తించాలి. చదవడం వచ్చినవాళ్లు అక్కడే తడబడతారు. ఇంట్లో పిల్లలందరిచేతా చేయిస్తే, మా అక్క మనవడు బాగా వెనకబడ్డాడు. "వీడు కాస్త నెమ్మది" అని నోరు జారాను. అక్క మొహం చిన్నబోయింది.

ఆ రాత్రి సారు బొటనవేలు గుర్తొచ్చింది. మిగతావాళ్లు లాప్‌టాప్ మీద చేశారు, వీడు పాత ఫోన్ మీద. సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక్కో ఫ్రేముకే దాదాపు 17 మిల్లీసెకన్లు. టచ్ తెర ఆలస్యం దానికి అదనం. మర్నాడు లాప్‌టాప్ ముందు కూర్చోబెడితే వాడు అందరితో సమానంగా చేశాడు. అక్కకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు ఒకరి సమయాన్ని మరొకరి సమయంతో నేరుగా పోల్చను. ఒకే పిల్లవాడికి, ఒకే పరికరం మీద, మాటా రంగూ కలవనప్పుడు పట్టిన సమయంలోంచి కలిసినప్పటి సమయాన్ని తీసేస్తాను. యంత్రం ఆలస్యం రెండింటిలోనూ ఉంటుంది కనుక చాలావరకు కొట్టుకుపోతుంది.

తెలుగుతో ఇంకో చిక్కుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు. మాటల పొడవు లెక్కను యంత్రానికి వదిలేయకూడదు.

గురువులకు ఒక మనవి. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, పేర్లు నమోదు చేయకుండా, పై తరగతి పిల్లలచేత ఇలాంటి ప్రయోగం ఒకటి తయారుచేయించండి. సాయానికి నేను వస్తాను. ఎవరినైనా 'నెమ్మది' అని రాసేముందు చేతిలోని వాచీని అనుమానించడం వాళ్లకు అలవాటవుతుంది.